ఝాన్సీ పథ్యం

1

ఆస్పత్రివాళ్లు ఇచ్చిన ఈ మాటల డబ్బాతో, అదే ఈ చిలకతో, నాకు మొదటి రోజే పేచీ వచ్చింది. నేను ఎలా మాట్లాడినా ఇది పుస్తకాల తెలుగులోకి దిద్దేసి గుంపులో అందరికీ పంపుతుందట. ఆస్పత్రివాళ్లకు అర్థం కావాలి కదా అంటుంది. నా మాటలు దిద్దుకుంటే దిద్దుకో, మా ఇంట్లోవాళ్ల మాటలు ముట్టుకున్నావంటే మాత్రం పీక పట్టుకుని సముద్రంలో ముంచుతానని చెప్పాను. పీక లేని డబ్బా అయినా బెదిరినట్టే ఉంది, ఒప్పుకుంది.

నా పేరు మాణిక్యం. కోడూరు తెప్ప మీద బాతుల్ని మేపుతాను. తెప్పకు ఊరి పేరు పెట్టుకున్నాం గానీ అసలు కోడూరు మా కాళ్ల కింద, నీళ్ల అడుగున ఉంది. ఇక్కడ చెప్పేది నా సంగతి కాదు. కడుపులో ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే నా తిత్తి పాతది, ముదిరిపోయింది, ఉప్పునీళ్లు గటగటా తాగినా పట్టించుకోదు. కొత్తగా కడుపులో తిత్తి కుట్టించుకున్నది మా మేనకోడలు ఝాన్సీ. అన్నయ్యా వదినా ఉప్పెనలో పోయినప్పటి నుంచి అది మా అమ్మ దగ్గరా నా దగ్గరా పెరిగింది. నలుగురిలో నోరు విప్పాలంటే దానికి సిగ్గు. "నువ్వే చెప్పత్తా, నీకైతే నోరుంది" అని నన్ను ముందుకు తోసింది.

కొత్త తిత్తి ఉన్నవాళ్లు ఈ తోడు గుంపులో చేరి, పొద్దున్నే ఒంట్లో తీపిని చూపే చేతి మీది బిళ్ల రంగు చెప్పాలి, ముందురోజు ఏం తిన్నదీ చెప్పాలి, ఇంకొకరికి ఒక మంచి మాట చెప్పాలి. సరే. ఝాన్సీ బిళ్ల ఆకుపచ్చ. తిన్నవి చేప, బాతుగుడ్డు, నాచు పచ్చడి. అన్నం, పిండి, దుంపలు, పంచదార, బెల్లం ఏవీ లేవు. ఒంట్లో తీపి పెరిగితే తిత్తి కుళ్లుతుందని, కుళ్లిన తిత్తి బదులు ఇంకోటి కుట్టరని తెప్ప మీద పుట్టిన ప్రతి పిల్లకూ తెలుసు. బిళ్ల నల్లబడితే ఇక ఆ మనిషి మీద ఆశ వదులుకోవడమే.

మంచి మాట నాగాయలంక తెప్ప మీది అంకినీడు గారికి. వాళ్ల తాత లడ్డూలు కట్టేవాడట, ఈయనకు కలలో కూడా లడ్డూలే కనిపిస్తున్నాయట. కలలో తింటే బిళ్లకు తెలియదు అన్నయ్యగారూ, కడుపునిండా తినండి.

అందరూ "తోడున్నాం" అన్నారు. బాగుంది. ఝాన్సీ చాటు నుంచి విని నవ్వుకుంది.

2

బిళ్ల ఆకుపచ్చే. తిన్నవీ నిన్నటివే.

మా అమ్మ పేరు నాంచారమ్మ. అమ్మకు తిత్తి లేదు. ఆ వయసువాళ్ల ఒళ్లు తట్టుకోదని కుట్టరు. అందుకని వాళ్లకు గట్టు పడవ మీద మంచినీళ్ల డబ్బా, నూకల సంచి వస్తాయి. నూకలు ఉడకేసుకుని, తిత్తి ఉన్నవాళ్ల కంట పడకుండా ఓ మూల కూర్చుని తింటారు, దొంగతనం చేస్తున్నట్టు. చూస్తే జాలేస్తుంది. అయినా నేను ఆ వైపు చూడను. చూస్తే నాకు నోరూరుతుంది, అది వేరే సంగతి.

నేను పొద్దున్నే బాతుల తెప్పకు వెళితే సాయంత్రానికి గానీ రాను. అందుకని అమ్మకు అప్పగింతలు పెట్టాను.

"అమ్మా, పిల్ల పథ్యంలో ఉంది. నేను లేనప్పుడు నువ్వే చూసుకోవాలి. తీపి పడదు. అన్నం పెట్టమాక" అన్నాను.

"అన్నం పెట్టడమేందే? ఒంటి మీద కత్తి పడ్డ పిల్లకి అన్నం ఎవరన్నా పెడతారా? నాకు తెలవదా పథ్యం? నిన్నూ మీ అన్నయ్యనీ ఎవరు పెంచారంట?"

"అది కాదమ్మా, బెల్లం ముక్క కూడా..."

"ఓసి నీ అనుమానం తగలెయ్య!" అని అమ్మ తన గుడ్డలమూటలో నుంచి బెల్లం ముక్క తీసి నీళ్లలోకి విసిరేసింది. ఆ ముక్కను ఎంతకాలంగా దాచుకుందో నాకు తెలుసు. ఎప్పుడైనా నోరు చేదుగా ఉన్నప్పుడు బయటికి తీసి, వాసన చూసి, మళ్లీ చుట్టి పెట్టుకునేది.

ఈ సంగతి చెబితే గుంపంతా అమ్మను మెచ్చుకుంది. అంకినీడు గారైతే, అమ్మగారి కాళ్లకు నా దండం చెప్పండి అన్నారు. చెప్పాను. "లడ్డూల ఆయనా? బుద్ధిమంతుడే" అంది అమ్మ.

3

బిళ్ల పసుపు రంగుకు తిరిగింది.

కంగారు పడవలసింది లేదని, కొత్త తిత్తి కుదురుకునేటప్పుడు కొందరికి అలాగే ఉంటుందని ఆస్పత్రి డాక్టరు చిలకలో చెప్పాడు. కుర్రాడే, గొంతు మెత్తన. "పథ్యం సరిగ్గా జరుగుతోందా అమ్మా?" అని అడిగాడు. జరుగుతోందన్నాను. "అయితే ఇంకొంచెం గట్టిగా చేయించండి" అన్నాడు. అదే మాట అమ్మకు చెప్పాను. "అట్టాగేలే, నాకొదిలెయ్" అంది. అమ్మ ఒక పని పట్టిందంటే దానికి తిరుగుండదు. అందుకే నిశ్చింతగా బాతుల దగ్గరికి పోయాను.

ఝాన్సీ తన పక్క మీద పడుకుని, కుట్టు పడ్డ చోట చెయ్యి వేసుకుని తిత్తితో కబుర్లాడుతోంది. దానికి బుడ్డోడని పేరు పెట్టింది. "అత్తా, బుడ్డోడికి ఇయ్యాల ఉప్పునీళ్లు నచ్చలా. మూతి ముడిచాడు" అంటుంది. దీనికి తగ్గగానే నాచు కోసే ఆడవాళ్లతో లోపలికి మునగాలని కోరిక. మునిగాక ఎవరూ చూడని కోడూరు బడి చూసి వస్తుందట. బడి అయితే ఏముంటుందే, చేపలు పాఠాలు చదువుకుంటుంటాయి అన్నాను. "నువ్వు చదివిన బడేగా, అట్టాగే ఉంటదిలే" అంది. నోరు లేని పిల్ల అనుకున్నానా, నా దగ్గరైతే అంతులేని నోరు.

మామ్మ శొంఠినీళ్లు ఇస్తోందని, ఘాటుగా బాగున్నాయని చెప్పింది. నాకెందుకో అనుమానం వచ్చి, శొంఠి తాగవచ్చా అని చిలకను అడిగాను. శొంఠిలో దోషం లేదంది. సరే, తాగమన్నాను.

4

ముదురు పసుపు.

తిన్నదేమిటని చిలక అడిగితే ఝాన్సీ స్వయంగా జవాబు చెప్పింది. "ఏం తిన్లా" అంది. ఈ చిలక వెంటనే, "చాలా బాగుంది. నిన్న మీరు ఏమీ తినలేదు. అభినందనలు" అని పాట వాయించింది. గుంపులో ఒకటే కేరింత. అబ్బ, ఏం నిష్ఠ, ఏం పట్టుదల అని. నాలుగు తెప్పల వాళ్లు బరువు తూచి చెప్పమన్నారు. తూచితే బాగా తగ్గింది. మళ్లీ కేరింత. అంకినీడు గారు ఒక్కరే, "మరి రంగు ఎందుకు తగ్గలేదమ్మా?" అని అడిగారు. ఆ ప్రశ్నను ఎవరూ పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఆ సమయంలో ఆయన మీద చిరాకే వేసింది. పిల్లను నలుగురూ మెచ్చుకుంటుంటే మధ్యలో ఈయన గోలేమిటని.

చిలక నోరు మూశాక ఝాన్సీని అడిగాను.

"ఎందుకే తిన్లా? చేప ఇచ్చి వెళ్లాగా?"

"మామ్మ వద్దంది. నువ్వే గట్టిగా చెయ్యమన్నావంటగా."

నేనన్న మాట నిజమే. డాక్టరును అడిగితే, ఒకటి రెండు పూటలు కడుపు ఖాళీగా ఉంచినా నష్టం లేదు, ఒంట్లో తీపి ఇంకా తొందరగా దిగుతుంది అన్నాడు. అయితే మంచిదేనేమో అనుకున్నాను. అమ్మను కదిలిస్తే, "మీరంతా ఊరుకోండే. పథ్యం నడుస్తున్నప్పుడు మధ్యలో చెయ్యి పెడితే ఒళ్లు చెడుద్ది" అని గయ్యిమంది. అమ్మ మొహం కూడా పీక్కుపోయి ఉంది. పిల్ల దిగులు అనుకున్నాను.

5

ఇటుక రంగు.

ఈ పూట గుంపులో తోడున్నాం అన్నవాళ్లు తక్కువ. మిగిలిన అందరూ అడిగింది ఒకటే, పిల్ల దొంగతిండి తింటోందా అని. ఏమీ తినకుండా ఇటుక రంగు రావడం ఇంతవరకూ ఎవరూ చూడలేదట. "ఇంట్లో ముసలావిడ నూకలు ఉన్నాయిగా, సంచి చూసుకోండి" అని ఒకామె. "నిజం చెప్పించండి, లేకపోతే పిల్ల దక్కదు" అని ఇంకొకామె. అంకినీడు గారు, తానూ మొదట్లో ఒకసారి పంచదార డబ్బా మూత నాకానని ఒప్పుకుని, "అడగండమ్మా, తిట్టకండి" అన్నారు.

నేను అడగలేదు, తిట్టాను. అమ్మ నూకల సంచి చూస్తే, ఉండవలసిన దానికన్నా బాగా కిందికి ఉంది. నా ఒళ్లు మండిపోయింది. ఝాన్సీ పక్క దులిపాను, దాని గుడ్డలు దులిపాను, నోరు తెరవమని వాసన చూశాను. శొంఠి వాసన తప్ప ఏమీ రాలేదు.

"చెప్పవే, ఎప్పుడు తింటన్నావు? మేం చూడనప్పుడు బుక్కుతున్నావా?"

"నేనేం తిన్లా అత్తా."

"మరి ఆ నూకలు ఏమైనయ్? బాతులొచ్చి తిన్నయ్యా?"

"నాకు తెలవదు. నీ మీద ఒట్టత్తా, నేనేం తిన్లా."

నా మీద ఒట్టు పెట్టి కూడా అబద్ధం ఆడుతోందని చెంప మీద కొట్టాను. ఎప్పుడూ కొట్టలేదు దాన్ని. కొట్టిన చోట ఎముక తగిలింది నా చేతికి. అది ఏడవలేదు, ఒంట్లో నీళ్లు ఉంటేగా ఏడవడానికి. గోడ వైపు తిరిగి పడుకుంది. అమ్మ అప్పుడు ఉప్పునీళ్ల పంపు దగ్గర గిన్నెలు తోముకుంటోంది. అమ్మను కూడా అడగవచ్చని నాకు తోచలేదు. నీ వాటా నూకలు నువ్వే తిన్నావా అని కన్నతల్లిని ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?

6

ఈ మాట ఇంటికి దూరంగా, తెప్ప చివరికి వచ్చి చెబుతున్నాను. ఇంట్లో చెబితే అమ్మకు వినపడుతుంది. గుంపులోవాళ్లు మీ మీ చిలకల్ని చెవి దగ్గర పెట్టుకుని వినండి, బయటికి వదలకండి.

నిన్న ఎదురుగాలి లేచింది. పడవలు తిరగవని మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాను. గుమ్మంలో నుంచే కనిపించింది. ఝాన్సీ తలను ఒళ్లో పెట్టుకుని అమ్మ గిన్నె అంచు దాని నోటికి ఆనిస్తోంది. "తాగమ్మా, తాగు బంగారం, ఇంకొక్క గుక్క" అంటోంది. గిన్నెలోది తెల్లగా ఉంది.

"అదేందమ్మా?"

"పథ్యపు నీళ్లు."

"శొంఠినీళ్లు తెల్లగా ఉంటయ్యా?"

"ఉత్త శొంఠితో నీరసం ఎట్టా తగ్గుద్దే? గంజి తేట. నూకలు మెత్తగా ఉడకేసి, గుడ్డలో వడకట్టి, ఇంత ఉప్పూ ఇంత శొంఠీ. ఒక్క మెతుకు పడనీలా. అన్నం పెట్టొద్దన్నావు, పెట్టలా. తీపి పడదన్నావు, వెయ్యలా. గట్టిగా చెయ్యమన్నావు, నీచు ఆపేశా. గుడ్డు వేడి చేస్తదని అదీ ఆపేశా. పూటకి రెండుసార్లు ఇచ్చేదాన్ని మూడుసార్లు చేశా. ఇంతకన్నా పథ్యం ఎవరు చేస్తారే?"

నూకల సంచి వైపు చూశాను. "ఎవరి నూకలమ్మా అవి?" అన్నాను.

"ఎవరివేంది, నావే."

"మరి నీళ్లు?"

"ఉప్పునీళ్లతో గంజి కాస్తారంటే, పిచ్చిదానా?"

అప్పుడు చూశాను అమ్మ పెదాలు. పగిలి, అంచుల్లో నెత్తురు గడ్డకట్టి ఉన్నాయి. తన మంచినీళ్లన్నీ గంజికి పోసి, వడకట్టగా మిగిలిన పిప్పి తాను తిని, నోరు తడుపుకోవడానికి వడకట్టిన గుడ్డ పిండుకుంటోంది. పిల్లకు ఒక్క చుక్క తగ్గకూడదని.

తప్పు ఎక్కడ వెతకమంటారు? మా అమ్మ కాలంలో జొరం వస్తే, పురుడు పోసుకుంటే, కత్తి పడితే మనిషిని పథ్యంలో పెట్టేవాళ్లు. పథ్యమంటే గంజి. నాకు చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఇదే గంజి తేట ఇదే చేత్తో పోసింది. నేను బతికాను. ఆ సంగతి నాకూ గుర్తుంది. కానీ ఆస్పత్రివాళ్లు చేప, గుడ్డు, నాచు తినడానికి పథ్యమని పేరు పెట్టి, ఏళ్ల తరబడి నా చెవిలో పోస్తే నాకు పాతది మరుపున పడింది. అమ్మకు మరుపున పడలేదు. రంగు ముదిరిందని నేను పథ్యం గట్టిగా చెయ్యమన్నప్పుడల్లా అమ్మ గంజి పెంచింది. గంజి పెరిగినప్పుడల్లా రంగు ముదిరింది.

ఝాన్సీకి తెలియదా అంటారేమో. నూకలంటే ముసలివాళ్లు మూల కూర్చుని తినే తెల్ల ముద్ద అనే తెలుసు దానికి. అది ఉడుకుతుంటే కళ్లారా చూసిన పిల్ల కాదు. మామ్మ మందు ఇస్తోంది, తాగింది. తాగిందే గానీ ఏమీ తినలేదు. నా మీద పెట్టిన ఒట్టు నిజం ఒట్టే.

గిన్నె లాక్కుని పారబోశాను. "అత్తా, ఏమైంది?" అంది ఝాన్సీ. చల్లారిపోయిందే, బాగుండదు అన్నాను. అమ్మతో, డాక్టరు గంజి ఆపమన్నాడని మాత్రం చెప్పాను. ఎందుకన్నది చెప్పలేదు. "డాక్టరుకేం తెలుసు పథ్యం సంగతి?" అంది అమ్మ.

డాక్టరుకు అంతా చెప్పాను. "మేమిచ్చిన కాగితంలో, తినకూడని వాటిలో అన్నం అని స్పష్టంగా ఉంది కదమ్మా. అన్నమంటే గంజి కూడా వస్తుంది కదా" అన్నాడు.

"మీకొస్తది నాయనా" అన్నాను.

వైద్యపు పడవ బయల్దేరదీస్తామన్నారు. ఎదురుగాలి తగ్గితే.

7

గాలి తగ్గలేదు.

అంకినీడు గారు అడిగారు కనుక చెబుతున్నాను. రంగు చెప్పను. చూడబుద్ధి కాక దాని చేతికి గుడ్డ చుట్టాను.

చేప నీళ్లు పోస్తే కక్కేస్తోంది. గుడ్డు వాసనే పడడం లేదు. ఇన్నాళ్లు మాడిన కడుపు, దేన్నీ పట్టుకోవడం లేదు. ఉప్పునీళ్లు ఇక దానికి విషమే కాబట్టి, డబ్బా అడుగున అమ్మకు మిగిలిన మంచినీళ్లు చెంచాతో పోస్తున్నాం. మా తెప్పకు ఆనించి కట్టిన తెప్పల్లో ముసలివాళ్లు ఎవరికి వాళ్లు తమ నీళ్లలో తలా ఒక గ్లాసు తెచ్చి ఇచ్చి వెళ్లారు. ఎవరూ ఏమీ అడగలేదు.

ఈ చిలక మాత్రం పొద్దున్నే, "నిన్న ఏం తిన్నారు?" అని హుషారుగా అడిగింది. దీన్ని ఏం చేసినా పాపం లేదు.

అమ్మ నా కాళ్ల మీద పడినంత పని చేస్తోంది. "ఒక్క గుక్క పొయ్యనియ్యవే మాణిక్యం. గంజి ఆపిన కాడి నుంచే తల ఎత్తలేకపోతంది. ఒక్క గుక్క పడితే లేచి కూర్చుంటది. నీకు దణ్ణం పెడతా." ఝాన్సీ కూడా ఆ శొంఠినీళ్లే అడుగుతోంది. నేను కాదంటున్నాను. ఇప్పుడు ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే అని డాక్టరు మెల్లగా చెప్పాడు. తెలుసు. అయినా నా చేత్తో పొయ్యలేను. అమ్మ చేత్తో పొయ్యనివ్వలేను. ఏమో, ఇస్తే దానికి నోటికైనా హాయిగా ఉంటుందేమో. నాకేమీ తెలియడం లేదు. నా ఖర్మ ఇలా తగలడింది.

పొద్దున ఝాన్సీకి కాస్త తెలివి వచ్చింది. కుట్టు మీద చెయ్యి వేసుకుని చూసుకుంది.

"అత్తా, బుడ్డోడు కదలట్లా."

"పడుకున్నాడులేవే. లేపమాక."

కొంచెంసేపు నా మొహంలోకి చూసింది. దాని చెంప మీద నేను కొట్టిన చోటే నా చెయ్యి ఉంది, తీయలేదు నేను.

"నేనేం తిన్లా అత్తా" అంది.

"తినలేదే తల్లీ. నాకు తెలుసు. నువ్వేం తినలేదు."

"గుంపులో చెప్పు మరి."

చెబుతున్నాను. మీరంతా వినండి. మా ఝాన్సీ దొంగతిండి తినలేదు. ఏమీ తినలేదు.

8

ఇది నోటితో చెప్పడం లేదు, వేళ్లతో రాస్తున్నాను. అమ్మ పక్కనే కూర్చుని ఉంది. అమ్మకు అక్షరం రాదు, చూపూ ఆనదు. ఏం చేస్తున్నావని కూడా అడగడం లేదు. మీ జవాబులు బయటికి చదవకుండా చిలక నోరు కట్టేశాను.

ఝాన్సీ పోయింది. గాలి మళ్లిన తరువాత వైద్యపు పడవ వచ్చింది. అందులోవాళ్లు దిగి, దాని చేతి గుడ్డ విప్పి చూసి, మళ్లీ చుట్టేసి, మాతో పాటు కాసేపు నిలబడి వెళ్లిపోయారు. నాచు కోసే ఆడవాళ్లే దాన్ని తీసుకుని మునిగారు. బడి దగ్గర దించి వచ్చామని చెప్పారు. గోడలు ఇంకా నిలబడే ఉన్నాయట.

మీ అందరికీ నేను చెప్పేది ఒకటే. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే పొయ్యి మీద ఏముందో మూత తీసి చూడండి. పథ్యం అని మాత్రం వాళ్లకు చెప్పకండి. ఆ మాట మనకన్నా ముందు నుంచి వాళ్లది, వాళ్లకు దానికి వేరే అర్థం ఉంది. గంజి వద్దు, జావ వద్దు, బార్లీ నీళ్లు వద్దు అని పేరు పేరునా చెప్పండి. చేప పెట్టాలి, గుడ్డు పెట్టాలి అని చెప్పండి. ఏం తిన్నావని అడిగి ఊరుకోకండి, ఏం తాగావని కూడా అడగండి. కాగితంలో మాట మారుస్తామని ఆస్పత్రివాళ్లు కబురు పెట్టారు. మార్చనివ్వండి. ఎవరి పిల్లలైనా బతుకుతారు.

ఇక మా అమ్మ సంగతి. అమ్మకు ఏమీ తెలియదు. తెలియనివ్వను. అమ్మ చూసింది చూసినట్టు లెక్క వేసుకుంది. "గంజి తాగినన్నాళ్లూ నా పిల్ల బతికింది. నువ్వు ఆపావు, పోయింది. నోటి కాడ గంజి లాగి పారబోశావే, నువ్వు మేనత్తవేనా?" అంటోంది. లేచింది మొదలు అదే మాట. బాతులకు మేత వేస్తుంటే వెనకాలే వచ్చి అంటోంది. మొదట చెప్పేద్దామనుకున్నాను. నోటి దాకా వచ్చింది. అప్పటికి అమ్మ ఆ వడకట్టే గుడ్డ ఉతికి తాడు మీద ఆరేస్తోంది. మడత లేకుండా రెండు చేతులతో సాగదీసి ఆరేస్తోంది. ఇక చెప్పలేకపోయాను. "అవునమ్మా, నేనే ఆపాను" అన్నాను.

నిజానికి అమ్మను ఇప్పుడు నిలబెడుతున్నది నా మీది కోపమే. ఆ కోపంతోనే లేస్తోంది, పొయ్యి వెలిగిస్తోంది, నన్ను తిట్టడానికి ఓపిక కావాలని రెండు ముద్దలు తింటోంది. అది కూడా తీసేస్తే నాకు అమ్మ ఉండదు.

పలకరించడానికి వస్తామన్నవాళ్లు రండి. అంకినీడు అన్నయ్యగారూ, మీరు తప్పకుండా రండి, అమ్మకు మీరంటే మంచి అభిప్రాయం ఉంది. మీ ముందు కూడా అమ్మ నన్ను తిడుతుంది, పిల్లను చేతులారా పొట్టన పెట్టుకుందని చెబుతుంది. దయచేసి ఎవరూ నా వైపు మాట్లాడకండి. పెద్దావిడ చెప్పేదంతా విని, అవునని తల ఊపండి.